జేమ్స్ డిగేల్ స్కోర్ కార్డులు: బీజింగ్ 16-14 నుంచి యూబ్యాంక్ దాకా

స్కోర్‌కార్డు_శీను · #1

డిగేల్ గురించి మన వాళ్లలో ఎప్పుడూ రెండే మాటలు. ఒకటి, "ఒలింపిక్ గోల్డ్ కొట్టి ప్రో ప్రపంచ టైటిల్ కూడా గెలిచిన మొదటి బ్రిటిష్ బాక్సర్". రెండోది, "ఉన్న ప్రతిభకి తగ్గట్టు ఆడలేదు". మొదటిది నిజమే. రెండోదాన్ని కార్డుల లెక్కతో తేల్చుకుందాం అని ఈ థ్రెడ్ మొదలుపెడుతున్నా.

ముందు అమెచ్యూర్ రికార్డు. 2005, 2006 ఏబీఏ (ఇంగ్లండ్ జాతీయ అమెచ్యూర్) మిడిల్‌వెయిట్ టైటిళ్లు, 2006 మెల్‌బోర్న్ కామన్వెల్త్‌లో కాంస్యం, 2008 బీజింగ్‌లో 75 కిలోల స్వర్ణం. బీజింగ్ బౌట్లు వరసగా: ఈజిప్టు హికల్ మీద 13-4, అమెరికా ఎస్ట్రాడా మీద 11-5, కజకిస్తాన్ అర్తయెవ్ మీద 8-3, ఐర్లండ్ సదర్లాండ్ మీద 10-3, ఫైనల్లో క్యూబా ఎమిలియో కొరియా మీద 16-14.

కూడితే 58 పాయింట్లు వేశాడు, 29 ఇచ్చాడు. సరిగ్గా రెట్టింపు. అప్పుడు రౌండు 2 నిమిషాలు, బౌటుకి 4 రౌండ్లు. అంటే అయిదు బౌట్లూ కలిపి 40 నిమిషాలు. ప్రోలో ఒక్క టైటిల్ ఫైటే 36 నిమిషాలు. రెండు వారాల్లో పంచుకుని ఆడిన ఆటంతా ఇంచుమించు ఒకే రాత్రి ఆడాలన్నమాట.

నా వాదన ఇదీ: అమెచ్యూర్‌లో ఆధిక్యం దాచుకోవచ్చు, ప్రోలో దాచుకోలేం. డిగేల్ చివరిదాకా దాచుకునే ఆటే ఆడాడు. కార్డులు కింద పెడతాను.

కొత్తగా_చేరా · #2

శీను గారూ, చిన్న సందేహం. బీజింగ్‌లో మన విజేందర్‌ని ఓడించింది ఈ డిగేలేనా?

ఎడమవాటం · #3

కాదు. విజేందర్ సెమీస్‌లో ఓడింది కొరియా చేతిలో, 5-8. ఆ కొరియాని ఫైనల్లో డిగేల్ ఓడించాడు. విజేందర్‌కి కాంస్యం వచ్చింది, బాక్సింగ్‌లో మన దేశానికి అదే మొదటి ఒలింపిక్ పతకం. డిగేల్, విజేందర్ ఆ టోర్నీలో తలపడనేలేదు.

కొరియా వాళ్ల నాన్న పేరు కూడా ఎమిలియో కొరియానే. 1972 మ్యూనిక్‌లో వెల్టర్‌వెయిట్ స్వర్ణం ఆయనది. కొడుకు రజతంతో ఆగిపోయాడు, అదీ పళ్ల వల్ల.

కొత్తగా_చేరా · #4

పళ్ల వల్లా?

ఎడమవాటం · #5

మొదటి రౌండులో క్లించ్‌లో (ఒకరినొకరు పట్టుకున్నప్పుడు) కొరియా డిగేల్ ఛాతీ మీద కొరికాడు. రిఫరీ హెచ్చరిక ఇచ్చాడు. అప్పటి నిబంధనల్లో హెచ్చరిక పడితే 2 పాయింట్లు అవతలివాడి ఖాతాలోకి పోతాయి. ఫైనల్ తేడా ఎంత? 16-14. సరిగ్గా రెండు.

గోదారి_గార్డు · #6

అయితే ఆ కొరుకుడే లేకపోతే 14-14 అనమాట! అయ్య బాబోయ్, స్వర్ణం పంటి చివర వేలాడిందండీ.

స్కోర్‌కార్డు_శీను · #7

అంత సూటిగా తీసెయ్యలేం గోదారి గారూ. ఆ రెండు పాయింట్లు మొదటి రౌండులోనే పడ్డాయి. వెనకబడ్డవాడు ముందుకు వస్తాడు, ముందున్నవాడు కాచుకుంటాడు. అవి లేకపోతే మిగతా మూడు రౌండ్ల ఆటే వేరేగా ఉండేది. కానీ నా వాదనకి కావలసిన సంగతి ఇక్కడే ఉంది. మొదటి రౌండులో వచ్చిన లాభం నాలుగో రౌండు చివరి గంట దాకా చెల్లింది. బ్యాంకులో వేసిన డబ్బులాగా. ప్రోలో ఆ బ్యాంకే లేదు, ప్రతి రౌండూ సున్నా నుంచే.

ఇందూరు_పంచ్ · #8

అన్నా, మా దిక్కు పోరగాళ్లు ఎప్పుడూ అడుగుతరు. నిఖత్ జరీన్ 2022 ఇస్తాంబుల్ ఫైనల్ 5-0 అంటరు. గీడ 16-14 అంటున్నరు. రెండూ అమెచ్యూరే కద, లెక్క ఎందుకు వేరే?

స్కోర్‌కార్డు_శీను · #9

మంచి ప్రశ్న. రెండు వేరే కాలాల లెక్కలు.

బీజింగ్ నాటికి ఉన్నది కంప్యూటర్ స్కోరింగ్. 1988 సియోల్‌ ఫైనల్లో అమెరికా బాక్సర్ రాయ్ జోన్స్‌ని జడ్జిలు అన్యాయంగా ఓడించాక, 1992 నుంచి ఒలింపిక్స్‌లో పెట్టారు. రింగు చుట్టూ అయిదుగురు జడ్జిలు, ఒక్కొక్కరి ముందు ఎర్ర మూలకి ఒక బటన్, నీలం మూలకి ఒక బటన్. దెబ్బ తగిలిందనుకున్నప్పుడు అయిదుగురిలో కనీసం ముగ్గురు ఒక్క సెకను లోపల ఒకే రంగు నొక్కితేనే ఒక పాయింటు. ఇద్దరు నొక్కి మూడోవాడు అర సెకను ఆలస్యం చేస్తే ఆ దెబ్బ గాలికి పోయినట్టే. డిగేల్ 16-14 అంటే యంత్రం ఒప్పుకున్న దెబ్బల సంఖ్య.

2013 నుంచి అమెచ్యూర్‌లోనూ ప్రోలో లాగా రౌండుకి 10 పాయింట్ల పద్ధతి (రౌండు గెలిచినవాడికి 10, ఓడినవాడికి 9 లేదా అంతకన్నా తక్కువ) వచ్చింది. నిఖత్ 5-0 అంటే అయిదుగురు జడ్జిల కార్డుల్లోనూ ఆమే గెలిచిందని. దెబ్బల లెక్క కాదు. ప్రతి కార్డు మీదా ఒక్క పాయింటు తేడాతో గెలిచినా 5-0 అనే వస్తుంది. అందుకే 5-0 చూసి "ఏకపక్షం" అని రాసే పత్రికల వాళ్లని చూస్తే నాకు ఒళ్లు మంట.

కొత్తగా_చేరా · #10

అయితే కొరియా విజేందర్ మీద 8, డిగేల్ మీద 14 వేశాడు కాబట్టి డిగేల్ కన్నా విజేందర్ డిఫెన్సే బాగుందనొచ్చా?

ఎడమవాటం · #11

అనకూడదు. వేరే జడ్జిలు, వేరే వేగం. దూరం నుంచి ఒక్కొక్క దెబ్బ వేసుకునే బౌట్లో ముగ్గురూ ఒకేసారి చూడగలరు. దగ్గరగా కలబడ్డ బౌట్లో జడ్జికి ఎదురుగా బాక్సర్ వీపే ఉంటుంది. ఒక బౌటు స్కోరుని ఇంకో బౌటు స్కోరుతో పోల్చడం ఆ పద్ధతిలో ఎవరూ చెయ్యరు.

ఆ యంత్రం బాక్సర్లకి నేర్పిన అలవాట్లు చూడండి. పొట్ట మీద కొట్టే దెబ్బలకి బటన్ పడేది చాలా తక్కువ. నాలుగు దెబ్బల కాంబినేషన్ వేస్తే ఒక్క పాయింటే రావచ్చు, ఎందుకంటే వేళ్లు అంత వేగంగా కదలవు. అందుకని అందరికీ కనిపించేలా తల మీద ఒక్క సూటి దెబ్బ వెయ్యి, వెంటనే అందకుండా పో. సౌత్‌పా (కుడికాలు, కుడిచెయ్యి ముందు పెట్టే ఎడమచేతివాటం) అయిన డిగేల్‌కి ఎడమచేతి స్ట్రెయిట్ అలాంటి దెబ్బే. గార్డు మీద తగిలినవి లెక్కలోకి రావు కాబట్టి చేతులెత్తి తాళ్ల మీద కాసేపు ఆనుకున్నా నష్టం లేదు.

ఇది గుర్తుపెట్టుకోండి. తాళ్ల సంగతి మళ్లీ వస్తుంది.

మూల_స్టూలు · #12

సామాన్ల తేడా కూడా చెప్పుకోవాలి, లేకపోతే సగమే అర్థమవుతుంది.

డిగేల్ ఆడిన రోజుల్లో గ్లవ్స్ రెండుచోట్లా 10 ఔన్సులే, అంటే 284 గ్రాముల దాకా. బరువు ఒకటే, పని వేరు. అమెచ్యూర్ గ్లవ్‌లో మెత్త పిడికిలి మీద మందంగా ఉంటుంది, అప్పట్లో పిడికిలి భాగం తెల్లగా ఉండేది, ఆ తెలుపు తగిలితేనే దెబ్బ. ప్రో గ్లవ్‌లో మెత్త పిడికిలి దగ్గర పల్చగా ఉండేలా చేయించుకోవచ్చు.

గ్లవ్ లోపల చేతికి కట్టే కట్టు విషయం ఇంకా తేడా. అమెచ్యూర్‌లో గుడ్డపట్టీ, చివర వెల్క్రో. ఇప్పటి నిబంధనల్లో పొడవు 4.5 మీటర్లు మించకూడదు. ప్రోలో గాజుగుడ్డ, దానిపైన టేపు. కడుతున్నంతసేపూ అవతలి మూల మనిషి పక్కన నిలబడి చూస్తాడు, అయ్యాక అధికారి కట్టు మీద సంతకం పెడతాడు. బాగా కట్టిన చెయ్యి మూసిన పిడికిట్లో రాయిలా బిగుస్తుంది. తెరిస్తే మాత్రం రక్తం ఆడాలి. పిడికిలి తెరిచినప్పుడు వేళ్లు తిమ్మిరెక్కితే బిగువు ఎక్కువైందని, విప్పి మళ్లీ కట్టాల్సిందే.

2008లో హెడ్‌గార్డు ఉండేది. పెద్దల విభాగంలో మగవాళ్లకి 2013లో తీసేశారు. హెడ్‌గార్డుతో పెరిగినవాడు తల ముందుకు వంచి లోపలికి దూరతాడు. ప్రోలో అదే చేస్తే కనుబొమ్మ తెగుతుంది.

స్కోర్‌కార్డు_శీను · #13

ఇక ప్రో. 2009 ఫిబ్రవరి 28, బర్మింగ్‌హామ్. ప్రమోటర్ ఫ్రాంక్ వారెన్, కోచ్ జిమ్ మెక్‌డానెల్. జార్జియా బాక్సర్ చిలాయా మీద 4 రౌండ్లు, 40-36. నాలుగుకి నాలుగు రౌండ్లూ గెలిచాడు, అయినా జనం గోల చేశారు. ఒలింపిక్ ఛాంపియన్ అంటే మొదటి ఫైటులోనే ఎవడో ఒకడు పడిపోవాలని టికెట్టు కొన్నవాళ్లు వాళ్లు.

ఇంగ్లండ్‌లో టైటిల్ లేని ఫైట్లకి ముగ్గురు జడ్జిలుండరు. రిఫరీ ఒక్కడే స్కోరు వేస్తాడు, ఫైటు అవగానే గెలిచినవాడి చెయ్యెత్తుతాడు. కంప్యూటర్ నుంచి ఒక్క మనిషి కంటికి మారడం చిన్న మార్పు కాదు.

తర్వాత వేగంగా ఎక్కాడు. 2010 డిసెంబరులో లివర్‌పూల్‌లో పాల్ స్మిత్‌ని 9వ రౌండులో ఆపి బ్రిటిష్ సూపర్ మిడిల్‌వెయిట్ టైటిల్ తీసుకున్నాడు. అతని ఆటలో నాకు అన్నిటికన్నా నచ్చే ఫైటు అదే. తాళ్లూ లేవు, విరామాలూ లేవు.

గోదారి_గార్డు · #14

ఆ తర్వాత జార్జ్ గ్రోవ్స్! 2011 మే 21, లండన్ ఓ2 అరీనా. ఇద్దరూ డేల్ యూత్ క్లబ్బు కుర్రాళ్లే, అమెచ్యూర్‌లో ఆడినప్పుడూ గ్రోవ్సే గెలిచాడు. ఒకే చెరువు చేపలకి ఒకదాని ఈత ఇంకోదానికి తెలీదా ఏంటి.

డేల్ యూత్ అంటే తెలియనివాళ్లకి: పశ్చిమ లండన్ క్లబ్బు. 2017 జూన్‌లో కాలిపోయిన గ్రెన్‌ఫెల్ టవర్ కింది అంతస్తులో ఉండేది, మంటల్లో పోయింది.

స్కోర్‌కార్డు_శీను · #15

గ్రోవ్స్ కార్డులు: 115-114, 115-114, మూడోది సమానం. మెజారిటీ నిర్ణయం.

ఇంట్లో కాగితం మీద కూడి చూడండి. నాక్‌డౌన్ లేని మామూలు రౌండు 10-9, మొత్తం 19. పన్నెండు రౌండ్లకి 228.  మొదటి రెండు కార్డులు 229. ఒకటి ఎక్కువ వచ్చిందంటే ఆ జడ్జిలిద్దరూ ఒక్కో రౌండు 10-10 ఇచ్చారు. అంటే గ్రోవ్స్‌కి 6, డిగేల్‌కి 5, ఒకటి సమానం.

ఆ సమాన రౌండుని ఆ ఇద్దరిలో ఒక్కరు డిగేల్‌కి ఇచ్చినా సమానం కార్డులు రెండయ్యేవి, ఫైటు డ్రా, బ్రిటిష్ బెల్టు డిగేల్ నడుముకే ఉండేది. 36 నిమిషాల్లో ఎక్కడో ఒక్క రౌండు ఇంకో పది సెకన్లు కష్టపడి ఉంటే చాలు. "ఈ రౌండు పోయినా ఫరవాలేదు" అనుకోవడానికి కట్టిన ఖరీదు ఇది.

ఎడమవాటం · #16

గ్రోవ్స్ ఏం చేశాడో కాళ్ల వైపు నుంచి చూడాలి. ఆర్థడాక్స్, సౌత్‌పా ఎదురుబొదురుగా నిలబడితే ముందుకాళ్లు రెండూ దాదాపు తగులుకుంటాయి. ఆర్థడాక్స్ ఎడమకాలు, సౌత్‌పా కుడికాలు. ఎవరి ముందుకాలు అవతలివాడి కాలికి బయట పడితే వాడి వెనకచేతికి దారి తెరుచుకుంటుంది. డిగేల్ కుడికాలు బయటపడిందా, ఎడమ స్ట్రెయిట్ సూటిగా గడ్డానికి పోతుంది. లోపల పడిందా, అవతలివాడి కుడిచెయ్యి వస్తుంది.

డిగేల్ మీదికి వచ్చేవాళ్లతో ఈ కాళ్ల ఆట బ్రహ్మాండంగా ఆడతాడు. గ్రోవ్స్, అతని కోచ్ ఆడమ్ బూత్ మీదికి రావడమే మానేశారు. వెనక్కి జరిగి, "నువ్వే రా" అన్నారు. డిగేల్ అడుగేసినప్పుడల్లా కుడిచెయ్యి కౌంటర్ (ఎదురుదెబ్బ). కౌంటర్ వేసి బతికేవాడికి ఎదుటివాడు కౌంటర్ వెయ్యడమే పెద్ద చిక్కు.

డిగేల్‌కి స్టాన్స్ (నిలబడే తీరు) మార్చే అలవాటు ఒకటి ఉంది, మధ్యలో ఆర్థడాక్స్‌కి తిరుగుతాడు. చూడ్డానికి బాగుంటుంది. కానీ మారేటప్పుడు ఒక క్షణం రెండు పాదాలూ ఒకే గీత మీద ఉంటాయి, ఆ క్షణంలో తేలిక దెబ్బ తగిలినా మనిషి తూలిపోతాడు. పైగా తన ఉత్తమ ఆయుధం ఎడమ స్ట్రెయిట్, ఆర్థడాక్స్‌లో అది జాబ్‌గా (ముందుచేతి తేలిక దెబ్బగా) మారిపోతుంది. ఎదుటివాడి చేతికి అందనంత దూరంలో ఉన్నప్పుడే మారాలి. డిగేల్ దగ్గరలోనూ మారేవాడు.

మూల_స్టూలు · #17

ఇక్కడ బరువు మాట. 75 కిలోల అమెచ్యూర్, 168 పౌండ్ల ప్రో, అంటే 76.2 కిలోలు. పదేళ్ల ప్రో కెరీర్ మొత్తం ఈ సూపర్ మిడిల్‌వెయిట్‌లోనే. చూడ్డానికి సులువే అనిపిస్తుంది, కానీ తూకం సమయం వేరు. అమెచ్యూర్‌లో బౌటు ఉన్న ప్రతిరోజూ పొద్దున్న తూకం, అదే రోజు బౌటు. నీళ్లు పిండుకుని వస్తే ఆ మధ్యాహ్నమే దెబ్బ తింటావు. అదే బీజింగ్‌కి 2007 ప్రపంచ ఛాంపియన్‌గా వెళ్లిన ఫ్రాంకీ గావిన్ 60 కిలోలకి దిగలేక ఒక్క బౌటూ ఆడకుండా ఇంటికి పోయాడు.

ప్రోలో ముందురోజు తూకం. 24 గంటలకి పైగా దొరుకుతాయి. కాబట్టి అందరూ పిండుకుంటారు, మళ్లీ నింపుకుంటారు. ప్రపంచ టైటిళ్లు ఇచ్చే సంస్థల్లో ఒకటైన ఐబీఎఫ్ ఒక మెలిక పెట్టింది: టైటిల్ ఫైటు రోజు పొద్దున్న రెండో తూకం. పరిమితి మీద 10 పౌండ్లు దాటకూడదు, అంటే 178, కిలోల్లో 80.7. డిగేల్ బెల్టు ఐబీఎఫ్‌దే.

ఇరవై రెండేళ్లప్పుడు 76 కిలోలకి దిగడం, ముప్పై రెండేళ్లప్పుడు అదే 76కి దిగడం ఒకటి కాదు. అలవాట్ల మీదే అంతా వెయ్యకండి శీను గారూ.

స్కోర్‌కార్డు_శీను · #18

ఒప్పుకుంటా, దానికే వస్తున్నా. ముందు మంచి రోజులు.

గ్రోవ్స్ తర్వాత అయిదు నెలలకే విల్చెవ్‌స్కీ మీద యూరోపియన్ టైటిల్, అదీ మెజారిటీ నిర్ణయమే. తర్వాత వారెన్‌ని వదిలి హెన్నెసీ అనే ప్రమోటర్ దగ్గర చిన్న హాళ్లలో కొంతకాలం. 2014లో మ్యాచ్‌రూమ్ ప్రమోషన్ సంస్థకి. 2014 మే 31, వెంబ్లీలో ఫ్రోచ్-గ్రోవ్స్ రెండో ఫైటు కింద బ్రాండన్ గొంజాలెస్‌ని 4వ రౌండులో ఆపి ఐబీఎఫ్ మొదటి పోటీదారు అయ్యాడు. ఐబీఎఫ్ ఛాంపియన్ ఫ్రోచ్ బెల్టు వదిలేశాక 2015 మే 23న బోస్టన్‌లో ఆండ్రే డిరెల్‌తో ఖాళీ టైటిల్ ఫైటు. డిరెల్ కూడా ఒలింపిక్ మనిషే, ఏథెన్స్ కాంస్యం, అదే 75 కిలోలు.

కార్డులు 114-112, 114-112, 117-109. మొత్తం 226. రెండు తగ్గాయి, ఎందుకంటే 2వ రౌండులో డిగేల్ డిరెల్‌ని రెండుసార్లు పడేశాడు (నాక్‌డౌన్), పడ్డ ప్రతిసారీ ఒక పాయింటు పోతుంది కాబట్టి ఆ రౌండు 10-7.

ఇప్పుడు 114-112 కార్డు విప్పండి. 2వ రౌండు 10-7. మిగిలిన 11 రౌండ్లలో 104 రావాలంటే డిగేల్ గెలిచింది 5, ఓడింది 6. అంటే ఇద్దరు జడ్జిల ప్రకారం రౌండ్లు ఆరు-ఆరు! నాక్‌డౌన్లు లేకుండా 2వ రౌండు మామూలు 10-9 అయి ఉంటే 114-114. మధ్య రౌండ్లలో డిరెల్‌కి పగ్గాలు ఇచ్చేశాడు, చివర్లో మళ్లీ లేచాడు. చరిత్రకెక్కిన రాత్రి కూడా అంచు మీదే నడిచింది.

కొత్తగా_చేరా · #19

లెనాక్స్ లూయిస్ ముందే ఒలింపిక్ గోల్డ్, ప్రపంచ టైటిల్ రెండూ గెలిచాడు కదా? మొదటివాడు డిగేల్ ఎలా?

ఎడమవాటం · #20

లూయిస్ 1988 సియోల్ స్వర్ణం కెనడా తరఫున గెలిచాడు. బ్రిటన్‌కి ఆడి స్వర్ణం గెలిచిన ఫిన్నెగన్, ఆడ్లీ హారిసన్‌లకి ప్రో ప్రపంచ టైటిల్ రాలేదు. డిగేల్ తర్వాత 2016లో జాషువా గెలిచాడు.

స్కోర్‌కార్డు_శీను · #21

2015 నవంబరులో క్యుబెక్‌లో లూసియన్ బూట్ మీద 116-112, 117-111, 117-111. సొంత జనం ముందు బూట్‌ని ఓడించడం తేలికేం కాదు, డిగేల్ పూర్తిస్థాయి ఆట అది. 2016 ఏప్రిల్‌లో వాషింగ్టన్‌లో మెడినా మీద ఏకగ్రీవం, కానీ మెడినా లాంటి వాడితో తాళ్ల మీద అన్ని నిమిషాలు ఎందుకు గడిపాడో ఆ దేవుడికే తెలియాలి.

ఎడమవాటం · #22

చెప్పాను కదా, తాళ్ల సంగతి. బటన్ల కాలంలో గార్డు మీద తగిలిన దెబ్బకి విలువ లేదు. ప్రో జడ్జి చూసేవి నాలుగు: శుభ్రంగా తగిలిన దెబ్బలు, ఫలితమిచ్చే దూకుడు, రింగు మీద పట్టు, డిఫెన్స్. తాళ్లకి ఆనుకుని పది దెబ్బల్లో ఎనిమిది చేతుల మీద ఆపినా, జడ్జి కంటికి ఒకడు కొడుతున్నాడు, ఒకడు కొట్టించుకుంటున్నాడు. నాలుగింట్లో మూడు అవతలికి పోయినట్టే. తాళ్ల దగ్గర ఆగాలంటే ప్రతి నాలుగైదు సెకన్లకి ఒక గట్టి దెబ్బ తిరిగి వెయ్యాలి, లేదా వెంటనే పక్కకి తిరిగి బయటపడాలి.

గోదారి_గార్డు · #23

నేను ఒప్పుకోనండీ. లోమచెంకో, ఊసిక్, ఆండ్రే వార్డ్ అందరూ అదే బటన్ల బడిలోంచి వచ్చినవాళ్లే. వాళ్లు రౌండ్లు వదిలెయ్యలేదు. బడి తప్పైతే అందరూ ఫెయిలవ్వాలి కదా. ఇది మనిషి స్వభావం. ముందుంటే సోకు, వెనకబడితే పౌరుషం.

స్కోర్‌కార్డు_శీను · #24

సగం ఒప్పుకుంటా. బడి ఒక్కటే కారణమైతే వార్డ్ కూడా అలాగే ఉండాలి, నిజమే. అలవాటు బడిది, వదిలించుకోకపోవడం డిగేల్‌ది అని దిద్దుకుంటా. కానీ ఇది చూడండి: ఐబీఎఫ్ బెల్టు పణంగా ఉన్న ఫైట్లు ఆరు. ఆరూ 12 రౌండ్లు నిండాయి. నాలుగు గెలుపులు, ఒక డ్రా, ఒక ఓటమి. 15 నాకౌట్లున్న మనిషి ఆ ఆరింట్లో ఒక్కరినీ ఆపలేదు. డిరెల్‌ని 2వ రౌండులోనే రెండుసార్లు పడేసి కూడా ముగించలేదు. ఎదుటివాడు పడ్డాక వెనక్కి జరగడం ఆధిక్యం దాచుకునేవాడి పనే.

టెక్సాస్_బాబాయ్ · #25

బాడూ జాక్ ఫైటు గురించి ఎవరూ రాయలేదేంటి? 2017 జనవరి 14, బ్రూక్లిన్, ఐబీఎఫ్, డబ్ల్యూబీసీ (ఇంకో ప్రపంచ సంస్థ) బెల్టులు రెండూ కలిపే ఫైటు. జాక్ దెబ్బ ఒకటి గురి తప్పి రిఫరీకి తగిలింది కూడా. లెక్కల పిచ్చోళ్లకి అంతకన్నా పండగ ఇంకోటి లేదు.

స్కోర్‌కార్డు_శీను · #26

దానికే కాచుకున్నా బాబాయ్. 113-113, 113-113, జాక్‌కి 114-112. మొత్తం 226, రెండు నాక్‌డౌన్లు: మొదటి రౌండులో డిగేల్ జాక్‌ని, 12వ రౌండులో జాక్ డిగేల్‌ని.

113-113 కార్డు: 1వది డిగేల్‌కి 10-8, 12వది జాక్‌కి 10-8, మిగిలిన పది రౌండ్లు అయిదు-అయిదు. 12వ రౌండులో డిగేల్ ఓడినా సరే, పడకుండా ఓడితే 10-9. అప్పుడు ఆ రెండు కార్డులూ డిగేల్‌కి 114-113. స్ప్లిట్ నిర్ణయంతో (ఇద్దరు జడ్జిలు ఇటు, ఒకరు అటు) రెండు బెల్టులు. అమెచ్యూర్‌లో నాక్‌డౌన్‌కి విడిగా పాయింట్లు లేవు, పడగొట్టిన దెబ్బకి కూడా ఒక్క పాయింటే. ప్రోలో అదే దెబ్బకి ఇంకో రౌండు గెలిచినంత విలువ.

గోదారి_గార్డు · #27

అలాగైతే మొదటి రౌండు నాక్‌డౌన్ కూడా తీసెయ్యండి, అప్పుడు మళ్లీ డ్రానే. మీకు కావలసిన పక్కే తీస్తే ఎలాగండీ!

స్కోర్‌కార్డు_శీను · #28

హహ, దొరికిపోయా.

మూల_స్టూలు · #29

జాక్ ఫైటు శరీరాన్ని బాగా నలిపింది. ఆ తర్వాత భుజానికి ఆపరేషన్. అదయ్యాక 2017 డిసెంబరు 9న లండన్ కాపర్ బాక్స్‌లో కేలబ్ ట్రూఆక్స్‌తో దిగాడు. ఎవరూ లెక్కపెట్టని మినెసోటా బాక్సర్. 114-114, 115-112, 116-112, బెల్టు పోయింది. 115-112 కూడితే 227, నాక్‌డౌన్ లేకుండానే ఒక జడ్జి ఒక రౌండుని 10-8 ఇచ్చాడన్నమాట. అంత నలిగిపోయాడు.

భుజం ఆపరేషన్ తర్వాత చెయ్యి ఎత్తగలగడం ఒక దశ, దెబ్బ వెయ్యగలగడం ఇంకో దశ, వేసిన చేతిని వెనక్కి గడ్డం దగ్గరికి తెచ్చుకోవడం మూడో దశ. మూడోదే ఆలస్యంగా వస్తుంది. తిరిగిరాని చెయ్యి ఉన్నచోట కౌంటర్ పడుతుంది.

ఇందూరు_పంచ్ · #30

రెండో ఫైట్ల మళ్ల గెలిచిండు కద, వేగాస్ల?

మూల_స్టూలు · #31

అవును, 2018 ఏప్రిల్ 7. ఆ రాత్రి కంటి పైన తెగింది, అయినా మూలలోని సహాయకులు నిలబెట్టారు. తెగినప్పుడు కట్‌మ్యాన్‌కి (గాయాలు చూసే మనిషికి) ఉండేది 60 సెకన్లు, స్టూలు మీద కూర్చునేసరికే పది పోతాయి. ముందు పొడి గుడ్డతో తుడవాలి. తర్వాత 1:1000 అడ్రినలిన్‌లో ముంచిన దూది పుల్లని గాయం లోపల పెట్టి కనీసం 30 సెకన్లు కదల్చకుండా నొక్కాలి. చివర వాజలైన్. ఆత్రంగా మధ్యలో ఎత్తి చూస్తే గడ్డకట్టినది ఊడిపోతుంది, మళ్లీ మొదటికొస్తుంది.

టెక్సాస్_బాబాయ్ · #32

తర్వాత ఐబీఎఫ్ నిర్బంధ పోటీదారు ఉజ్కాతెగి. డిగేల్ 2018లో బెల్టు వదిలేసి, 2019 ఫిబ్రవరి 23న ఓ2లో క్రిస్ యూబ్యాంక్ జూనియర్‌తో ఆడాడు. 2వ, 10వ రౌండ్లలో పడ్డాడు, ఏకగ్రీవంగా ఓడాడు. ఎత్తి పడేసినందుకు యూబ్యాంక్‌కి ఒక పాయింటు కోత కూడా పడింది, అయినా సరిపోలేదు. ఆ వారంలోనే రిటైర్మెంట్. 29 ఫైట్లు, 25 గెలుపులు, 3 ఓటములు, 1 డ్రా. మూడు ఓటములూ పాయింట్ల మీదే, ఎవరూ ఆపలేదు.

కొత్తగా_చేరా · #33

ఇవన్నీ చూడాలనుంది. సొంతంగా స్కోరు వెయ్యడం ఎలా? ఎక్కడ తప్పులు పోతాయి?

స్కోర్‌కార్డు_శీను · #34

జాక్ ఫైటుతో మొదలుపెట్టకు, దగ్గరి రౌండ్లు ఎక్కువ. పాల్ స్మిత్, తర్వాత బూట్, ఆ తర్వాత గ్రోవ్స్, జాక్.

సౌండ్ తీసెయ్. వ్యాఖ్యాత ఎవరి గురించి మాట్లాడితే మన కన్ను వాడి మీదే ఉంటుంది, జనం అరుపు గార్డు మీద పడ్డ దెబ్బని కూడా గొప్ప దెబ్బ చేస్తుంది. రౌండు అయిన వెంటనే, రీప్లే రాకముందే అంకె రాయి. రీప్లేలో ఎప్పుడూ పెద్ద దెబ్బలే చూపిస్తారు, మూడు నిమిషాలు జాబ్‌తో గెలిచినవాడు అందులో కనపడడు. రాసింది దిద్దకు. మొత్తం మాత్రం 12 రౌండ్లూ అయ్యాకే కూడు. మధ్యలో కూడితే "వీడు వెనకబడ్డాడు, ఇది వీడికిద్దాం" అనే జాలి వస్తుంది. చివర రెండు అంకెలు కలిపి చూడు: నాక్‌డౌన్, కోత, సమాన రౌండు ఏవీ లేకపోతే 228 రావాలి. రాలేదంటే కూడిక తప్పింది.

తరచుగా జరిగే తప్పు: చివరి 20 సెకన్ల హడావుడికి మోసపోయి రౌండంతా వాడికే ఇచ్చెయ్యడం. డిగేల్ ఆ పనిలో ఘనుడు, జాగ్రత్త.

ఇందూరు_పంచ్ · #35

ట్రూఆక్స్ రెండో ఫైట్ కార్డులు 114-113, 114-113, 117-110 అని ఉన్నయ్. నాక్‌డౌన్ లేదు, కూడితే 227. మల్ల నా కూడికే తప్పా అన్నా?

స్కోర్‌కార్డు_శీను · #36

తప్పు కాదు తమ్మీ, సరిగ్గానే పట్టినవ్. 10వ రౌండులో భుజంతో గుద్దినందుకు డిగేల్‌కి రిఫరీ ఒక పాయింటు కోసేశాడు. 115-113లోంచి ఒకటి పోతే 114-113, 118-110లోంచి పోతే 117-110. ఏడు రౌండ్లు గెలిచాడని ఇద్దరు, పది గెలిచాడని ఒకరు.

గోదారి_గార్డు · #37

ఆరు రౌండ్లే ఇచ్చి ఉంటే ఆ భుజమే బెల్టుని ఊడగొట్టేదండీ, 113-114!

స్కోర్‌కార్డు_శీను · #38

ఒక్క జడ్జి అలా ఇస్తే స్ప్లిట్‌తో గట్టెక్కేవాడు. ఆ 114-113 జడ్జిలిద్దరూ ఇస్తేనే ఊడేది. ఈసారి లెక్క తప్పింది మీరు గోదారి గారూ, బాకీ తీరిపోయింది.